పాత కారుకు కొత్త టైర్లు

టైరు అనే మాట వినగానే ఖరగ్‌పూరులోని పాత తరం వారికి ముందుగా తోచేది రబ్బరు కాదు, ఉక్కు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి ఇక్కడి వర్కుషాపులో ఇంజన్ల చక్రాలకు ఉక్కు టైర్లు తొడగడం ఒక నిత్యకృత్యంగా ఉండేది. చక్రం కంటె వెంట్రుకవాసి తక్కువ వ్యాసంతో టైరు లోపలి భాగాన్ని తరచి, వేడిచేసి వ్యాకోచింపజేసి, చక్రంపైకి దించి చల్లారనిస్తే అది తనంతట తానే పట్టు బిగించుకొనేది. దానికి అరుగుదల కొలిచే గేజి ఉండేది. ఇంతకు మించి అరిగితే పనికిరాదు అనే హద్దు ఉండేది. సుత్తితో తట్టి మ్రోతను బట్టి పగులును పసిగట్టే మనిషి ఉండేవాడు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి వలస వచ్చి ఈ పట్టణంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఈ పనులలో ఆరితేరినవారు ఎందరో కలరు.

అటువంటి ఊరిలో, ఇంటి ముందు నిలిపిన కారు టైరు విషయానికి వచ్చేసరికి మాత్రం ఒక్కటే మాట వినిపిస్తుంది: “గాడులు బాగానే ఉన్నాయి కదా, ఇంకా రెండేళ్ళు లాగుతాయి.” వాగనుపై తిరిగి మరమ్మతుకు రావలసిన తేదీ రంగుతో వ్రాయనిదే దానిని యార్డు దాటనివ్వనివారు, తమ మనుమలను కూర్చోబెట్టుకొని తిరిగే బండి టైరుపై అచ్చుగుద్దిన తేదీని ఒక్కసారి కూడా చదివి ఉండరు. ఈ శీర్షికకు ఇటీవల వచ్చిన ఉత్తరాలలో పాత కార్ల సంరక్షణపై ప్రశ్నలు ఎక్కువగా ఉన్నందున, ఈ నెల టైర్ల ఎంపికను గూర్చి ముచ్చటించదలచాము.

మన ఊరిలో పాత కారు అంటే ప్రధానంగా అంబాసిడరే. అది పుట్టిన ఉత్తరపాడ ఇక్కడికి దూరం కాదు. హుగ్లీ జిల్లాలో, కలకత్తా పొలిమేరలో ఉన్నది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాపై 1957లో మొదలైన ఈ బండి తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. 2017లో ఆ పేరును ఫ్రాన్సు దేశపు పూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసింది. బండి తయారీ ఆగినా బండ్లు ఆగలేదు. వీటితోపాటు అక్కడక్కడ ప్రీమియర్ పద్మిని, చాల అరుదుగా స్టాండర్డ్ హెరాల్డ్, పాత విల్లీస్ జీపు కూడా కనబడతాయి. ఇంజను భాగాలకు కలకత్తా మల్లిక్ బజారు ఉండనే ఉన్నది. టైరు మాత్రం మల్లిక్ బజారులో పాత సామానుగా కొనదగిన వస్తువు కాదు. ఇనుము అరిగితే కొలవవచ్చు. రబ్బరు ముసలిదైతే పైకి కనబడదు.

మా మిత్రులొకరు ఉద్యోగ విరమణ చేసి మలంచలో ఇల్లు కట్టుకొన్నారు. వారి వద్ద 1977 నాటి మార్క్ త్రీ అంబాసిడరు ఉన్నది. రంగు, తోలు సీట్లు, బంపర్ల మెరుపు చూచితే నిన్ననే ఫ్యాక్టరీ నుండి వచ్చినట్లుంటుంది. గత వేసవిలో వారు భార్య, కుమారుడు, కోడలు, ఇద్దరు మనుమలతో టెక్కలి దగ్గరి స్వగ్రామానికి ఆ కారులోనే వెళ్ళాలని సంకల్పించారు. జాతీయ రహదారి మీదుగా బాలాసోరు, కటకం, భువనేశ్వరం, బరంపురం, ఇచ్ఛాపురం దాటి దాదాపు ఆరు వందల కిలోమీటర్ల ప్రయాణం. బండిని ఒకసారి చూడమని మమ్ములను పిలిచారు. ఇంజను గూర్చి వారికి సందేహం లేదు, మాకూ లేదు. 1489 సీసీల ఆ పాత ఇంజను సరిగా నీరు, నూనె చూచుకొంటే అంత దూరం పోగలదు.

మేము టైర్ల దగ్గర మోకాళ్ళపై కూర్చున్నాము. గాడుల లోతు దాదాపు ఆరు మిల్లీమీటర్లు ఉన్నది. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ఆ లెక్కన ఇవి దాదాపు కొత్తవే. కాని ప్రక్క గోడపై తేదీ ముద్ర 3409 అని ఉన్నది. అంటే 2009వ సంవత్సరంలో 34వ వారం. స్టెప్నీ మాట చెప్పనవసరం లేదు. దానిపై మూడే అంకెలు ఉన్నాయి: 187. నాలుగంకెల పద్ధతి 2000 సంవత్సరం నుండి వచ్చింది. అంతకు ముందు మొదటి రెండంకెలు వారాన్ని, చివరి అంకె సంవత్సరాన్ని సూచించేవి. 18వ వారం సరే, ఏడుతో ముగిసే సంవత్సరం 1997నా, 1987నా? ఏది అయినప్పటికీ ఆ టైరు వయస్సు ఆ కారులో ప్రయాణించవలసిన పెద్ద మనుమడి కంటె చాల ఎక్కువ.

స్టెప్నీ అనే మాటకు ఒక చిన్న చరిత్ర ఉన్నది. వేల్స్ దేశంలో లనెలి అనే ఊరిలో స్టెప్నీ అనే వీధి ఉన్నది. అక్కడ 1904 ప్రాంతంలో డేవీస్ సోదరులు అదనపు చక్రాన్ని తయారుచేసి అమ్మసాగారు. ఆ వీధి పేరు భారతదేశంలోని ప్రతి పంక్చరు దుకాణంలో నేటికీ సజీవంగా ఉన్నది.

రబ్బరు ఎందుకు ముసలిదవుతుంది? టైరు రబ్బరులో గంధకం, నల్ల మసి, నూనెలు, పగుళ్ళను నిరోధించే మైనపు పదార్థాలు కలిపి ఉంటాయి. బండి తిరుగుతున్నంత కాలం టైరు వంగుతూ లేస్తూ ఉండడం వలన లోపలి రక్షక పదార్థాలు ఉపరితలానికి వచ్చి పల్చని పొరవలె కాపాడతాయి. నిలిచిపోయిన బండికి ఆ భాగ్యం లేదు. గాలిలోని ఆమ్లజని, ఓజోను, ఎండ, వేడి కలిసి రబ్బరును పెళుసుగా చేస్తాయి. కనుకనే వారానికి ఒకసారి గుడికి, నెలకు ఒకసారి గోల్‌బజారుకు మాత్రమే వెళ్ళే బండి టైరు గాడులు అరగకుండానే ప్రాణం పోగొట్టుకొంటుంది. ఐదేళ్ళు దాటిన టైరును ఏటేటా పరీక్షింపజేయాలనీ, ఎంత బాగా కనబడినా పదేళ్ళు దాటినదానిని స్టెప్నీతో సహా తీసివేయాలనీ పెద్ద తయారీదారులు సూచిస్తున్నారు. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్ళనే హద్దుగా పెట్టాయి.

మా మిత్రుల బండి టైరు ప్రక్క గోడను బొటనవ్రేలితో అదిమి చూడగా, అరచేతి గీతల వంటి సన్నని పగుళ్ళు తెరుచుకొన్నాయి. వాటిని వారికి చూపాము. “ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదండీ” అన్నారు వారు. ఊరిలో ముప్పై కిలోమీటర్ల వేగంతో తిరిగినంత కాలం ఏమీ కాకపోవచ్చును. వైశాఖ మాసపు ఎండలో, ఆరుగురు మనుషులతో, నెత్తిన సామానుతో, గంటల తరబడి డెబ్బై కిలోమీటర్ల వేగంతో పోయేటప్పటి సంగతి వేరు. వదినగారు అంతవరకు వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నారు. “బాబూ, బండి అందం మాట అలా ఉంచండి. పిల్లలు క్షేమంగా చేరతారా లేదా, అది చెప్పండి” అన్నారు. మేము వెంటనే, “ఈ టైర్లతో అయితే రైలులో వెళ్ళండి వదినగారూ” అని బదులిచ్చాము. రైల్వే ఊరిలో ఆ సలహా ఎవరికీ అవమానం కాదు గాని, మా మిత్రుల ముఖం మాత్రం చిన్నబోయింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేయదగినది. అంబాసిడరు మనుషులతో కలిసి సుమారు 1,400 కిలోల బరువు ఉన్నదనుకొందాము. ఒక్కొక్క చక్రంపై 350 కిలోలు. టైరులో గాలి 26 పౌండ్లు, అనగా చదరపు సెంటీమీటరుకు సుమారు 1.83 కిలోలు. బరువును ఒత్తిడితో భాగిస్తే నేలను తాకే వైశాల్యం సుమారు 190 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అంటే చాచిన అరచేయి అంత. నాలుగు అరచేతుల మేర రబ్బరు, కుటుంబం మొత్తాన్ని బ్రేకు వేసినప్పుడు నిలపాలి, మలుపులో పట్టి ఉంచాలి, వానలో నీటిని ప్రక్కకు నెట్టాలి. కారులో మరి ఏ భాగానికీ ఇంత పెత్తనం లేదు.

కొత్త టైర్లు కొనాలని నిర్ణయమైన తరువాత అసలు చర్చ మొదలైంది. ఏ టైర్లు? తండ్రిగారికి బండి పుట్టినప్పుడు ఉన్న సన్నని, ఎత్తైన టైర్లే కావాలి. కుమారునికి నిగనిగలాడే అల్లాయ్ చక్రాలు, వాటిపై వెడల్పాటి టైర్లు కావాలి. ఇది పాత కారు ఉన్న ప్రతి ఇంటా జరిగే చర్చే కనుక కొంత వివరంగా చెబుతాము.

అంబాసిడరుకు వచ్చిన టైరు కొలత 5.90-15. మొదటి అంకె టైరు వెడల్పు అంగుళాలలో. రెండవది రిమ్ము వ్యాసం, అదీ అంగుళాలలోనే. పద్మినికి 5.20-14, హెరాల్డుకు 5.20-13, పాత జీపుకు 6.00-16. ఇవన్నీ ఏటవాలు అల్లిక టైర్లు. నైలాను దారాల పొరలు ఒకదానిపై ఒకటి కత్తెర ఆకారంలో, వాలుగా పోతాయి. దీనిపై ‘6 పి.ఆర్.’ అని ఉంటే ఆరు పొరలు ఉన్నాయని కాదు. నూలు దారాల కాలంలో ఆరు పొరలకు ఎంత బలం ఉండేదో అంత బలం ఉన్నదని అర్థం. రేడియల్ టైరులో దారాలు ఒక అంచు నుండి మరొక అంచుకు నేరుగా, అడ్డంగా పోతాయి. వాటిపై, నేలను తాకే భాగం క్రింద, ఉక్కు తీగల పట్టీ చుట్టి ఉంటుంది. ఫ్రాన్సులోని మిషెలిన్ సంస్థ 1946లో పేటెంటు పొంది 1949లో విపణిలోకి తెచ్చిన ఈ పద్ధతి నేడు కార్ల లోకాన్ని పూర్తిగా ఆక్రమించినది.

గుణదోషాల మాట కొస్తే, రేడియల్ టైరు తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది, తడి రోడ్డుపై పట్టు మెరుగు, రహదారిపై నిలకడ మెరుగు. ఏటవాలు అల్లిక టైరు రోడ్డుపైని గాళ్ళను, చాళ్ళను పట్టుకొని స్టీరింగును అటూ ఇటూ లాగుతుంది. రాత్రంతా నిలిపితే నేలకు ఆనిన చోట చదునై, ఉదయం మొదటి రెండు మూడు కిలోమీటర్లు ‘దబ్ దబ్’ మని కొట్టుకొంటుంది. వేడెక్కిన తరువాత సర్దుకొంటుంది. దానికీ ఒక సుగుణం ఉన్నది. పవర్ స్టీరింగు లేని పాత బండిని నిలిపిన చోట త్రిప్పడం దానితో తేలిక. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఇరుకు సందులో బండిని వెనుకకు త్రిప్పేటప్పుడు ఈ తేడా భుజాలకు తెలుస్తుంది. పైగా పాత బండి స్ప్రింగులు, టార్షన్ బార్లు అన్నీ మెత్తని ఆ టైరును దృష్టిలో ఉంచుకొని లెక్కగట్టినవి.

రేడియల్ వేయాలంటే సమాన కొలత తెలుసుకోవలెను. 5.90-15కు సమీపమైనది 165 ఆర్ 15. ఇందులో 165 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు. ఎత్తు వెడల్పులో సుమారు 80 శాతం. లెక్క చూడండి: 165లో 80 శాతం 132. పైన ఒకటి, క్రింద ఒకటి, మొత్తం 264. రిమ్ము 15 అంగుళాలు, అనగా 381 మిల్లీమీటర్లు. మొత్తం వ్యాసం 645 మిల్లీమీటర్లు. పాత టైరు వ్యాసం దీని కంటె కొద్దిగా ఎక్కువే, కాని తేడా భరించదగినది.

ఇప్పుడు కుమారుని కోరికను ఇదే త్రాసులో వేద్దాము. ఆయన చూపిన టైరు 195/60 ఆర్ 14. 195లో 60 శాతం 117, రెండింతలు 234, రిమ్ము 356, మొత్తం 590 మిల్లీమీటర్లు. పై 645తో పోల్చినా 55 మిల్లీమీటర్లు తక్కువ. అందులో సగం, అంటే 27 మిల్లీమీటర్లకు పైగా, బండి పొట్ట నేలకు దిగిపోతుంది. మన రైల్వే కాలనీల వేగనిరోధకాలపై సైలెన్సరు గొట్టం గీసుకొంటూ పోవడం ఖాయం. స్పీడోమీటరు 60 చూపినప్పుడు బండి పోయేది 55. అదే వేగానికి ఇంజను తొమ్మిది శాతం అధికంగా తిరగాలి. వెడల్పు పెరిగినందున స్టీరింగు మరింత బరువు. చక్రం పూర్తిగా త్రిప్పినప్పుడు లోపలి రేకుకు రాసుకొనే అవకాశం కూడ కలదు. ఈ లెక్క కాగితంపై వేసి చూపగా ఆయన కాసేపు మౌనంగా చూచి, “ఫోటోలో బాగుంటుంది మావయ్యా” అన్నాడు. ఫోటోకు మా అభ్యంతరం లేదు.

కొలత నమ్మకం లేనివారికి ఒక సులభమైన పద్ధతి: టైరుపై, దాని క్రింద నేలపై సుద్దతో గీత గీసి, మనుషులు కూర్చున్న బండిని సరిగ్గా ఒక చుట్టు నెట్టి, నేలపై మరల గీత గీచి, రెండింటి మధ్య దూరం టేపుతో కొలవండి. కొత్త టైరుకు కూడ అదే చేయండి. పుస్తకంలోని కొలత కంటె ఈ కొలత విశ్వసనీయం, ఎందుకంటే బరువు క్రింద టైరు కొంత అణగుతుంది.

టైరు వేరు, రిమ్ము వేరు. ట్యూబు లేని టైరును పాత రిమ్ముకు వేయించవచ్చునా అని ఇద్దరు ముగ్గురు పాఠకులు అడిగారు. మా సమాధానం: వద్దు. ట్యూబులేని టైరు కోసం తయారైన రిమ్ము అంచుకు లోపలి వైపున చిన్న మెట్ట ఉంటుంది. మలుపులో గాని, గాలి తగ్గినప్పుడు గాని టైరు అంచు లోనికి జారిపోకుండా అది అడ్డుపడుతుంది. పాత రిమ్ములకు ఆ మెట్ట లేదు. నలభై యాభై ఏళ్ళ తుప్పు వలన అంచు నునుపుగా ఉండదు కనుక గాలి కూడా నిలవదు. రేడియల్ వేసినా ట్యూబుతోనే వేయండి. అదీ రేడియల్ కోసం తయారైన ట్యూబు కావలెను. ప్రక్క గోడ ఎక్కువగా వంగే టైరులో మామూలు ట్యూబు రాసుకొని చిరుగుతుంది. కొత్త టైరులో పాత ట్యూబు వేసి వంద రూపాయలు మిగిల్చేవారిని చూచాము. కొత్త పట్టుచీరకు పాత చింపిరి లోపావడా వంటిది ఆ పొదుపు. రిమ్ము లోపలి తుప్పును తీగబ్రష్షుతో గీకి, రంగు వేసి, ఆరిన తరువాతనే ట్యూబు వేయించండి. తుప్పు పొరలు కత్తివలె ట్యూబును కోస్తాయి.

రెండు జాతుల టైర్లను ఒకే ఇరుసుపై కలపరాదు. ఇది సలహా కాదు, నియమం. ఎడమ ప్రక్క రేడియల్, కుడి ప్రక్క ఏటవాలు అల్లిక ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ప్రక్కకు లాగుతుంది. విధిలేక నాలుగింటిలో రెండే కొనవలసివస్తే రేడియల్ జంట వెనుకకే పోవలెను. ముందు పట్టు ఎక్కువై, వెనుక తక్కువైతే తడి మలుపులో బండి తోక తిప్పుతుంది. దానిని సరిదిద్దడం సామాన్య చోదకునికి సాధ్యం కాదు. స్టెప్నీ కూడా అదే జాతిది కావాలి గనుక, లెక్క ఎప్పుడూ ఐదుకే వేసుకోవాలి.

బరువు మోసే శక్తిని, వేగపు హద్దును తెలిపే గుర్తు కూడ చదవండి. 165 ఆర్ 15 పై సాధారణంగా 86 ఎస్ అని ఉంటుంది. 86 అంటే ఒక్కొక్క టైరు 530 కిలోలు మోయగలదని. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వరకు తగినదని. మన బండికి రెండూ కావలసినదాని కంటె అధికమే. అంతకు తక్కువ సంఖ్య గల చిన్నకారు టైరును, రిమ్ముకు సరిపోయింది కదా అని, చవకగా వేసే దుకాణదారులు లేకపోలేదు. మన దేశంలో 2009 నాటి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ననుసరించి కారు టైర్లపై ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి, కారు టైర్ల ప్రమాణం సంఖ్య ఐ.ఎస్. 15633. ముద్ర లేనిదానిని తాకవద్దు. విదేశాలలో పాత కార్ల కొరకు ప్రత్యేకంగా పాత అచ్చులతో టైర్లు చేసే సంస్థలు ఉన్నాయి. తెల్లని అంచు గల టైర్లు కూడ వారి వద్ద దొరుకుతాయి. కాని ఖర్చు సంగతి అటుంచి, 2020 జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వం కొన్ని రకాల కొత్త టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో చేర్చినది. పింఛనుదారులకు ఆ దారి గూర్చి ఆలోచన అనవసరం.

భారతదేశంలో టైర్ల పరిశ్రమ మొదలైనదే ఈ బెంగాలులో. హుగ్లీ జిల్లా సాహాగంజ్‌లో డన్‌లప్ కర్మాగారం 1936లో ప్రారంభమైనది. ఉత్తరపాడలో కారు, సాహాగంజ్‌లో దానికి టైరు. రెండూ ఒకే జిల్లాలో. ఆ రెండు కర్మాగారాలూ నేడు నిశ్శబ్దంగా ఉన్నాయి. దానితో మనకు వచ్చిన చిక్కు ఏమనగా, 5.90-15 వంటి కొలతలు అడిగిన వెంటనే అందించే దుకాణాలు తగ్గిపోయాయి. ఆర్డరు ఇచ్చి వేచి ఉండవలెను. వేచి ఉండలేనివారికి గోదాములో ఏళ్ళ తరబడి పడి ఉన్న సరకును ‘కొత్తది’ అని అంటగట్టుతారు. కాగితం చుట్టిన టైరు కొత్తదే కావచ్చును, వయస్సు మాత్రం దాని ప్రక్క గోడపై ఉన్నది. మేమైతే రెండేళ్ళు దాటిన తేదీ ఉన్నదానిని పూర్తి ధరకు కొనము.

మా మిత్రుల విషయంలో నిర్ణయాన్ని మార్చినది కూడ ఈ తేదీయే. మా మొదటి సూచన రేడియల్. రహదారి ప్రయాణానికి అదే తగినది. కాని వెదకగా వెదకగా దొరికిన ఐదు రేడియల్ టైర్లు నాలుగేళ్ళకు పైబడినవి; వాటిలో రెండు వేరే సంవత్సరానివి. ఏటవాలు అల్లికలో మాత్రం, పట్టుబట్టి తెప్పించగా, మూడు నెలల క్రితం తయారైన ఐదు టైర్లు ఒకే వారపు ముద్రతో వచ్చాయి. ముసలి రేడియల్ కంటె తాజా ఏటవాలు అల్లిక మేలని మా అభిప్రాయం. ఇందుకు అందరూ సమ్మతించరని తెలుసు. ఆ ఇంటి కుమారుడే సమ్మతించలేదు. ఐదు టైర్లు, ఐదు ట్యూబుల ఖర్చు మా మిత్రుల ఒక నెల పింఛనులో పెద్ద భాగాన్నే మ్రింగింది. వదినగారు ఆ డబ్బు తన పొదుపు నుండి తీసి బల్లపై పెట్టి, “ఇది బండికి కాదు, పిల్లలకు” అన్నారు.

తాజా టైరు దొరికిందని నిర్లక్ష్యం పనికిరాదు కనుక షరతులు పెట్టాము. ఈ టైరు వేగంలో వేడెక్కుతుంది; కావున డెబ్బై దాటరాదు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, పది పదకొండు గంటలకు ఎండ ముదిరేలోగా ఎక్కువ దూరం గడపాలి. భువనేశ్వరంలో రాత్రి బస. ప్రతి వంద కిలోమీటర్లకు ఆపి, నాలుగు టైర్లను, హబ్బులను అరచేతితో తాకి చూడాలి. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి కాలుతూ ఉంటే ఆ చక్రానికి గాలి తగ్గినదో, బ్రేకు పట్టివేసినదో, బేరింగు బిగుసుకొన్నదో తెలిసిపోతుంది. వేడెక్కిన టైరులో ఒత్తిడి పెరుగుతుంది, అది సహజం. దానిని చూచి గాలి తీసివేయరాదు. గాలి ఎప్పుడూ చల్లని టైరుకే, ఉదయాన్నే, సొంత గేజితో చూచుకోవలెను. పెట్రోలు బంకు గేజీలలో రెండింటి మాట ఒకటి కాదు.

బిగింపు రోజున మేము దగ్గరే ఉన్నాము. మిస్త్రీ సుత్తి, సమ్మెటలతో టైరు ఎక్కిస్తూ ఉంటే అంచు తెగకుండా చూచుకొన్నాము. ట్యూబుకు పౌడరు చల్లించి, సగం గాలి పెట్టి, పూర్తిగా తీసివేసి, మరల నింపించాము. ఇట్లు చేస్తే ట్యూబు ముడుతలు విడిపోతాయి. నట్లను ఎదురెదురుగా ఒక్కొక్కటి బిగించి, వంద కిలోమీటర్లు తిరిగిన తరువాత మరల బిగించారు. చక్రాల సమతూకం చూపించడం, ముందు చక్రాల వాలు సరిచేయించడం, గ్రీజు పెట్టవలసిన చోట్ల గ్రీజు పెట్టించడం కూడ అదే రోజు పూర్తయింది. ముందు స్వివెలు పిన్నులలో ఆట ఉంటే ఎంత మంచి టైరైనా ఆరు నెలలలో ఒక అంచు తినివేయబడుతుంది.

ప్రయాణం సాగింది. బరంపురం దాటిన తరువాత మేకు దిగి వెనుక టైరు గాలి పోయిందట. ట్యూబు టైరు గాలి ఒక్కసారిగా పోతుంది. వేగం అరవై లోపే ఉన్నందున బండిని నిదానంగా ప్రక్కకు తీయగలిగారు. కొత్త స్టెప్నీ ఉన్నది కనుక ఇరవై నిమిషాలలో తిరిగి బయలుదేరారు. ఆ మూడంకెల స్టెప్నీయే డిక్కీలో ఉండి ఉంటే ఆ ఎండలో ఇద్దరు పిల్లలతో ఏమి చేసేవారో ఊహించదలచుకోలేదు.

బండిని ఎక్కువ కాలం నిలిపి ఉంచేవారికి రెండు మాటలు. నెలల తరబడి నిలపవలసివస్తే ఇరుసుల క్రింద దిమ్మలు పెట్టి చక్రాలను నేల నుండి లేపండి. అది కుదరకపోతే గాలి నాలుగు పౌండ్లు ఎక్కువ పెట్టి, వారానికొకసారి అర చుట్టు ముందుకు నెట్టండి. టైర్లపై ఎండ పడకుండా గోనెపట్టా కప్పండి. మెరుపు కోసం డీజిలు, కిరసనాయిలు పూయవద్దు. రెండూ రబ్బరును తినివేస్తాయి. సబ్బునీరు చాలును. వెల్డింగు యంత్రం, మోటారు పంపు ఉన్న గదిలో పాత కారును ఉంచవద్దు. విద్యుత్తు నిప్పురవ్వల నుండి పుట్టే ఓజోను రబ్బరుకు శత్రువు.

రిజిస్ట్రేషను సంగతి కూడ కొందరు అడిగారు. పదిహేనేళ్ళు దాటిన కారుకు ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పొడిగింపు ఉంటుంది. ఆ తనిఖీలో టైర్లనూ చూస్తారు. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నుండి యాభై ఏళ్ళు దాటిన, అసలు రూపం చెదరని వాహనాన్ని ‘వింటేజి’గా నమోదు చేయించుకోవచ్చును. రుసుము 20,000 రూపాయలు, కాలపరిమితి పదేళ్ళు, నంబరు పలకలో ‘వి.ఎ.’ అక్షరాలు. కాని అట్లు నమోదైన బండిని నిత్య వాడుకకు రోడ్డెక్కించరాదు. 1977 నాటి బండికి 2027లో యాభై నిండుతాయి. స్వగ్రామానికి బండిలో వెళ్ళాలనే ఉబలాటం ఉన్నవారు ఆ పలక కోసం తొందరపడనవసరం లేదు.

తీసివేసిన పాత టైర్లను ఏమి చేయాలి? చలికాలంలో కొందరు వీధి చివర చలిమంటకు వేస్తారు. ఆ పొగ ఊపిరితిత్తులకు విషం, దయచేసి వద్దు. దుకాణదారుకు అప్పగిస్తే పైపై గీతలు మరల చెక్కి, నలుపు పూసి, ఇంకొకరికి అమ్మే ప్రమాదం ఉన్నది. మా మిత్రులు ఐదింటిలో ఒకటి మనుమలకు ఉయ్యాలగా మామిడి కొమ్మకు కట్టారు. మిగిలిన నాలుగింటి ప్రక్క గోడలను, ఎవరూ మరల చక్రానికి ఎక్కించలేనట్లుగా, రంపపు బ్లేడుతో రెండేసి చోట్ల కోయించి, ఆ తరువాతనే పాతసామాను వానికి ఇచ్చారు.